అక్క కాలి కొలత

నేను చేసిన సైకిల్‌ని మా ఊళ్లో మొదటిసారి చూసినవాళ్లంతా చేసే పని ఒకటే. చూపుడువేలు పై గొట్టం కిందకు పోనిచ్చి పైకి లేపుతారు. అది అవలీలగా లేస్తుంది. అప్పుడు నా ముఖంలోకి జాలిగా చూసి, "ఇది మనిషిని మోస్తుందంటావా?" అంటారు. మోయకపోతే నెత్తిన పెట్టుకుని ఊరేగడానికి చేశానా అని నోటిదాకా వస్తుంది. ఒక్కోసారి నోరు దాటి కూడా వస్తుంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ ఊరంతా చాటింపు వేసి పెట్టింది కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

నిజానికి వాళ్లను అనాల్సిన పనిలేదు. ఈ పత్తి చేల మధ్య సైకిల్ అంటే బరువు మోయడానికి పుట్టిన వస్తువు. వెనక ఎరువు బస్తా, పక్కన పాల క్యాను, దాని మీద గడ్డిమోపు, ఇంకా చోటు మిగిలితే పెళ్లాం. అలాంటివి చూసిన కళ్లకు నా సన్న గొట్టాల సైకిల్ ఆటబొమ్మలా కనిపిస్తే వింతేముంది.

ప్రత్తిపాడు దాటాక రోడ్డు పక్కన నాదో రేకుల షెడ్డు ఉంది. వయసులో ఉన్నప్పుడు దాచేపల్లి వైపు వెల్డింగు పనులు చేశాను. అక్కడ నేను అతికించిన ఇనుమంతా అరచేతి మందం. ఆ పనులు మానేసి ఇంటికొచ్చి, గేట్లూ కిటికీ ఊచలూ చేసుకుంటూ బతుకుతుండగా, గుంటూరు నుంచి పొద్దున్నే గుంపుగా తొక్కుకుంటూ వచ్చే కుర్రాళ్లలో ఒకడి సైకిల్ సరిగ్గా మా షెడ్డు ఎదురుగా విరిగింది. లోపల గొట్టం మందం చూసి బిత్తరపోయాను. కోడిగుడ్డు పెంకంత ఉంది. వెల్డింగు మంట తగిలితే కారిపోతుంది. చిన్న మంట పెట్టి, ఇత్తడి తీగ కరిగించి, బతిమాలుకుంటూ అతికించి ఇచ్చాను. కొన్నాళ్లకు ఆ కుర్రాడే వచ్చి, "అంకుల్, కొత్త ఫ్రేము చేసి పెడతారా?" అన్నాడు. ఆ తేలిక ఉక్కు గొట్టాలు ఎక్కడ దొరుకుతాయో వాడే కనుక్కుని తెప్పించాడు. చెడగొట్టాను, మళ్లీ చేశాను, మళ్లీ చెడగొట్టాను. అలా గేట్లు చేసేవాడిని కాస్తా సైకిళ్లు చేసేవాడినయ్యాను.

సరే, నా గొడవ అటుంచితే, చెప్పాలనుకున్నది మా అక్కకు చేసిన సైకిల్ సంగతి.

అక్క నాకన్నా బాగా పెద్ద. పసితనంలో పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడి, కుడికాలికన్నా పొట్టిగా ఉండిపోయింది. ఆ కాలికి అడుగున మందంగా అట్టలు వేసి, మడమ వెనక పట్టీ పెట్టి కుట్టిన చెప్పు వేసుకుంటుంది. ఇంట్లో దాన్ని ఎత్తుచెప్పు అంటాం. అది వేసుకుంటే రెండు కాళ్లూ సమానమవుతాయి, కొద్దిగా పక్కకు ఊగుతూ నడుస్తుంది. అది విప్పితే మాత్రం గోడో, మనిషో, ఏదో ఒకటి పట్టుకోవాలి.

మా అమ్మ కూలికి చేలల్లోకి పోయేది. అక్క వంగి పత్తి తీయలేదు కాబట్టి, ఊహ తెలిసినప్పటినుంచీ కళ్లాల దగ్గర కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీసే పనికి పోయేది. సాయంత్రానికి చేతులు భగభగ మండిపోయేవి. వాటితో నన్ను ముట్టుకుంటే నాకు మంటెక్కుతుందని, రెండు చేతులూ పైకెత్తి పట్టుకుని మోచేతులతో నన్ను దగ్గరికి లాక్కునేది. నన్ను ఐ.టి.ఐ.లో చేర్చిందీ, అక్కడికి కట్టాల్సినదంతా కట్టిందీ ఆ మోచేతుల మనిషే. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "నాకంత తీరికేదమ్మా" అనేది. అప్పుడు నవ్వేవాళ్లం.

ఇప్పుడు తను మా పక్కింట్లోనే ఉంటుంది. చర్చి తరఫున ఇల్లిల్లూ తిరిగి, జబ్బు పడినవాళ్లకూ పురుడు పోసుకున్నవాళ్లకూ ప్రార్థన చేసొచ్చే పని. మా వైపు బైబిల్ ఉమెన్ అంటారు. ఇల్లిల్లూ తిరిగే పని, నడవలేని మనిషికి! దాంతో తన బతుకంతా ఎవరో ఒకరి సైకిల్ క్యారియర్ మీదో, మోటారుసైకిల్ వెనకో గడిచింది.

ఒక సాయంత్రం చేల అవతలి పల్లెలో ప్రార్థన ముగిసి తను నాకోసం ఎదురుచూస్తుంటే, నేను పనిలో పడి ఆలస్యంగా వెళ్లాను. కల్వర్టు గట్టు మీద ఒక్కతీ కూర్చుని ఉంది. నేను ఆపగానే బండెక్కింది. కొంత దూరం వచ్చాక, "ఒరేయ్, నీకు వెనక జుట్టు పల్చబడిందిరా" అంది.

"నాకు కనపడదుగా, నాకేం బాధ" అన్నాను.

"ఈ ఊళ్లో ఎవడి జుట్టు ఎప్పుడు రాలిందో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. పుట్టినకాడ్నించీ మీ వీపులు చూడటమేగా నా పని" అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంకాస్త ముందుకొచ్చాక నెమ్మదిగా, "నాకో సైకిలు చేసి పెట్టరా" అంది.

బండి కొద్దిలో పక్క కాలువలోకి పోయేది.

ఇంటికొచ్చాక నేనూ మా ఆవిడా చెరో పక్క చేరి చెప్పి చూశాం. ఈ వయసులో, ఆ కాలితో సైకిలేంటక్కా అన్నాను. చేత్తో తిప్పే మూడు చక్రాల బండి ఒకటి ఎప్పుడో ఇస్తే తీసుకుంది కదా, అదేమైందని అడిగాను. "అందులో మిరపకాయలు ఎండబెట్టుకుంటున్నాను" అంది. పోనీ పక్క చక్రాలున్న స్కూటీ కొందామన్నాను.

"దానిమీద పోతుంటే అందరూ అయ్యో పాపం అని చూస్తార్రా. సైకిలు మీద పోయేవాళ్లని ఎవడు చూస్తాడు? నాకట్టా పోవాలని ఉంది. ఎవరి కంటా పడకుండా" అంది. మళ్లీ తనే, "ఈ కాలు ఏటేటికీ బలం తగ్గుద్దని డాక్టరు చెప్పాడు. ఇంకెన్నాళ్లు నా మాట వింటదో తెలీదు. వినేటప్పుడే ఒక్కసారి నా అంతట నేను రోడ్డెక్కాల" అంది.

మా అక్క తన కోసం నన్ను ఏదైనా అడగడం నాకు గుర్తుండి అదే మొదటిసారి. మా ఆవిడ నా వైపు చూసి, "చేసి పెట్టండి, మీ కోపం చూపించకుండా" అంది.

మామూలు సైకిల్ పనికిరాదు. సీటెక్కితే కాళ్లు నేలకు అందవు, ఆగినప్పుడు పడిపోతుంది. సీటు దించితే మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. కాబట్టి సీటు కిందకే ఉండి, పెడళ్లు ముందుకు జరిగి ఉండాలి. కూర్చుంటే రెండు పాదాలూ నేల మీద ఆనాలి, తొక్కేటప్పుడు కాళ్లు ముందుకు చాపినట్టుండాలి. చీర కట్టుకుని ఎక్కాలి కాబట్టి పై గొట్టం వంగి కిందకు దిగాలి. అన్నిటికన్నా ముఖ్యం, తేలిగ్గా ఉండాలి. సగం బలం ఉన్న కాలు బరువు సైకిల్‌ని తొక్కలేదు. వీధి కాలువ మీది బండ దాటించి లోపలికి ఎత్తి పెట్టుకోవడానికి కూడా ఎవరినీ పిలవకూడదు. నా సన్న గొట్టాలు ఎందుకు పుట్టాయా అంటే ఇందుకే పుట్టాయనిపించింది.

అక్కను షెడ్డుకు పిలిచి కొలతలు తీశాను. గోడకు ఆనించి నిలబెట్టి, నడుము నుంచి మోకాలికి, మోకాలి నుంచి పాదానికి, రెండు కాళ్లకూ విడివిడిగా టేపు పెట్టి కొలిచాను. పెడల్ ఎంత ముందుకు ఉండాలన్నది పొట్టి కాలిని బట్టి లెక్క కట్టుకున్నాను.

ఆ తర్వాత పని. ఒక గొట్టం చివర ఇంకో గొట్టాన్ని వాటేసుకునేలా గుండ్రంగా కోసి, ఆకురాయితో అరగదీసి, దీపానికి ఎదురుగా పట్టుకుంటే సందులోంచి వెలుగు కనపడకూడదు. కనపడితే మళ్లీ అరగదీయాలి. అన్నీ కుదిరాక మంట పెట్టాలి. గొట్టం కందిన చెంపలా ఎర్రబడగానే ఇత్తడి తీగ ఆనిస్తే, అది కరిగి అతుకు చుట్టూ తనంతట తనే పాకుతుంది. అది పాకుతుంటే చూడటం నాకు ఇన్నేళ్లయినా విసుగు పుట్టదు. ఒక్క క్షణం ఎక్కువ కాలిస్తే గొట్టం పాడు, ఒక్క క్షణం తక్కువైతే అతుకు పాడు. టిఫిను తెచ్చి మా ఆవిడ ఎంతసేపు నిలబడినా తలెత్తలేదని, "పెళ్లిచూపుల్లో నన్ను కూడా ఇంత శ్రద్ధగా చూడలేదు మహానుభావుడు" అని దెప్పింది.

అక్క ముదురు నీలం రంగు అడిగింది. వేయించాను. అందరికన్నా ముందే పంట అమ్మేసిన ఒక మిర్చి కళ్లం ఖాళీగా ఉంటే సైకిల్ అక్కడికి తీసుకెళ్లాం.

ఎక్కింది. కుడికాలు కాస్త ఇరుకైనా చీలమండ వంచుకుని తిరిగింది. ఎడమకాలు పైకి వచ్చేసరికి మోకాలు హ్యాండిల్‌కి తగిలి ఆగిపోయింది. మళ్లీ తొక్కింది, మళ్లీ తగిలింది. ఒకటికి రెండుసార్లు కొలిచిన కొలత!

"ఉండరా" అని అక్క వంగి ఎత్తుచెప్పు విప్పి పక్కన పెట్టింది. వట్టి కాలితో తొక్కితే మోకాలు తగల్లేదు. "ఇదిగో, బ్రహ్మాండంగా ఉంది" అంది.

నేనూ నమ్మాను. నమ్మాలని ఉంటే ఎంతసేపు! రోజూ పొద్దున్నే కళ్లంలో నేను సీటు వెనక పట్టుకుని పరిగెత్తడం, తను తొక్కడం. చిన్నప్పుడు నేను సైకిల్ నేర్చుకునేటప్పుడు అక్క వెంట పరిగెత్తలేక, గట్టు మీద కూర్చుని కేకలు వేసి నేర్పింది. "చక్రం వంక కాదురా, ముందుకు చూడు!" అని అప్పట్లో తనెంత గట్టిగా అరిచేదో నేనూ అంత గట్టిగా అరిచాను. తను నవ్వుతూనే ఉండేది. ఇంటికొచ్చేటప్పుడు మాత్రం చీర కుచ్చిళ్లు పాదాల మీదికి లాక్కునేది. నేను గమనించలేదు. మా ఆవిడ గమనించింది.

ఒక మధ్యాహ్నం మా ఆవిడ షెడ్డుకు వచ్చి, "మీరొకసారి వదిన కాలు చూడండి" అంది. గొంతు తేడాగా ఉంది. పరిగెత్తాను.

ఎడమపాదం పైన చర్మం లేచిపోయి ఉంది. చీలమండ దగ్గర రక్తం గడ్డకట్టి నల్లబడింది. ఆ పాదానికి తనంతట తను నిలబడే బలం లేదు. పట్టీ ఉన్న చెప్పు లేకపోతే పెడల్ మీంచి జారిపోతుంది. జారినప్పుడల్లా తిరిగే పెడల్ వచ్చి తగులుతోంది. అన్ని రోజులూ తగులుతూనే ఉంది. తను నవ్వుతూనే ఉంది.

నాకు ఒళ్లు తెలీలేదు. "బుద్ధుందా నీకు? నోరు లేదా? నొప్పని ఒక్క ముక్క చెప్పడానికి ఏమొచ్చింది నీకు?" అని వీధిలోకి వినపడేలా అరిచాను.

తను మంచం మీద కూర్చుని, తప్పు చేసిన చిన్నపిల్లలా కాలు వెనక్కి లాక్కుంది. "అంత కష్టపడి చేశావురా. అన్నం కూడా తినకుండా చేశావంట. సరిపోలేదని ఏ నోటితో చెప్పేది?" అంది.

ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా. మా ఆవిడ పసుపు, గోరువెచ్చని నీళ్లు తెచ్చేసరికి నేను అక్క కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని ఉన్నాను. ఆ గుమ్మం పక్కన ఎత్తుచెప్పు ఉంది. దాన్ని చూస్తుంటే అప్పుడు తట్టింది, నా కొలత ఎక్కడ తప్పిందో.

మా షెడ్డు తెరిచిన రోజున ప్రార్థన చేసింది అక్కే. నేల కడిగి, చాపలు పరిచి, చర్చిలో విడిచినట్టే అందరం చెప్పులు బయట విడిచాం. ఆ ఒక్కరోజుకి సరేననుకున్నాం మేమందరం. అక్క అలా అనుకోలేదు. ప్రార్థన చేసిన చోటు కదా అని, ఆనాటి నుంచీ ఎప్పుడొచ్చినా ఎత్తుచెప్పు గడప బయటే విడిచి, గోడ పట్టుకుని లోపలికి వచ్చేది. కొలతల రోజూ అలాగే వచ్చింది. తను వట్టి కాళ్లతో నిలబడితే నేను వట్టి కాళ్లే కొలిచాను. షెడ్డులో తనను అలా చూసి చూసి, అందులో తేడా ఉందన్న ఆలోచనే రాలేదు. ఆ చెప్పు మహా అయితే నాలుగు వేళ్ల మందం. అంత మేర సైకిల్ మొత్తం పొట్టిదైపోయింది.

ఆ ఫ్రేముని సరిచేయడం కుదరదు. అంత సన్న గొట్టాన్ని విప్పి మళ్లీ కాలిస్తే బలం పోతుంది. దాన్ని మా ఇంటి వెనక గోడకు ఆనించి, కొత్త గొట్టాలు తెప్పించాను.

"ఈసారి చెప్పు వేసుకుని లోపలికి రా" అన్నాను.

"రాను" అంది. "ప్రార్థన చేసిన నేలరా అది."

"దేవుడేం అనుకోడక్కా, నీ కాలు సంగతి ఆయనకి తెలీదా?"

"ఆయన అనుకోడు. నేను అనుకుంటాను."

ఇక ఆ మనిషితో వాదించి గెలిచినవాళ్లెవరు! టేపు పట్టుకుని నేనే బయటికొచ్చాను. రోడ్డు పక్కన వేపచెట్టుకు ఆనించి నిలబెట్టి, ఎండలో కొలత మొదలుపెట్టాను. అసలే మిర్చి సీజను. టిక్కీ బస్తాలు నింపుకుని ట్రాక్టర్లు గుంటూరు యార్డుకు పోతున్నాయి. ఒక్కోటి దాటినప్పుడల్లా ఇద్దరం తుమ్మడం, టేపు జారడం, మళ్లీ మొదటికి రావడం. ఒక ట్రాక్టరువాడు ఆపి మరీ, "ఏందన్నా, అక్కకి జాకెట్టు కుడుతున్నావా?" అన్నాడు. "సైకిలు కుడుతున్నా, నీకూ ఒకటి కుట్టమంటావా? పోరా!" అన్నాను. అక్క చెట్టు పట్టుకుని కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది. సగం నవ్వుకి, సగం ఘాటుకి.

రెండో ఫ్రేముకి ఒక్కో గొట్టం కోసే ముందు మూడుసార్లు కొలిచాను. కాలి గాయం మానేదాకా అక్కను సైకిల్ దగ్గరికి రానివ్వలేదు.

కళ్లంలో ఎక్కిన మొదటి పొద్దునే తెలిసిపోయింది. మోకాలు తగల్లేదు. ఎత్తుచెప్పు పెడల్ మీద కదలకుండా కూర్చుంది. నేను సీటు పట్టుకుని పరిగెత్తాను. ఎక్కడ వదిలేశానో నాకే తెలీదు. అక్క మాత్రం కళ్లం చివరిదాకా పోయింది, ఆగింది, రెండు పాదాలూ నేలకు ఆనించి కూర్చుంది, మళ్లీ తిరిగొచ్చింది. ముఖం చెమటతో మెరిసిపోతోంది. "వదిలేశావు కదరా, వెధవా!" అంది. అంత ప్రేమగా నన్నెవరూ తిట్టలేదు.

ఆ వారమంతా నేను మోటారుసైకిల్ మీద వెనకాలే పోతూ ఊళ్లో తిప్పాను. తర్వాత ఒక రోజు, "ఇయ్యాల నువ్వు రావద్దు" అంది. చేల అవతలి పల్లెలో ఒక బాలింతను చూసి రావాలట. నేను బండి తాళం అందుకోబోయాను. మా ఆవిడ నా చొక్కా వెనక పట్టుకుంది. అక్క సంచీ హ్యాండిల్‌కి తగిలించుకుని, సైకిల్ తనే ఎత్తి కాలువ మీది బండ దాటించి, వెనక్కి చూడకుండా వెళ్లింది.

మధ్యాహ్నం భోజనానికి రాలేదు. ఆ ఇంటికి ఫోను చేస్తే, "ఎప్పుడో వెళ్లిపోయారండీ" అన్నారు. ఇక నా ప్రాణం నా దగ్గర లేదు. ఏ లారీ తగిలిందో, ఏ కాలువలో పడిందో! తనకు ఫోను చేస్తే, అది ఇంట్లో బీరువా మీదే మోగింది. బండి తీసి ఆ పల్లెకు పోయే దారి మొత్తం వెతికాను. వచ్చే దారిలో వెతికాను. మిరపచేలల్లో కాయ కోస్తున్న కూలీలను అడిగాను. "నీలం సైకిలు మీద ఒకావిడ అటేపు పోయింది, బాగా తొక్కుతుంది" అని ఒకామె చేయి చూపించింది. ఆ వైపు మా బంధువులు లేరు, చర్చి లేదు, ప్రార్థన చేయాల్సిన ఇల్లు కూడా లేదు.

చాలా దూరం పోయాక ఒక టీ కొట్టు కనిపించింది. తాటాకు పందిరి కింద బల్ల మీద అక్క కూర్చుని, గాజుగ్లాసులో టీ ఊదుకుంటూ తాగుతోంది. సైకిల్ పందిరి గుంజకు ఆనించి ఉంది. కొట్టువాడు తన పనిలో ఉన్నాడు. ఇద్దరు రైతులు తమ మాటల్లో ఉన్నారు. ఎవరూ ఆవిడ వంక చూడటం లేదు.

బండి ఆపి, నోటికొచ్చిందంతా అనేయబోయాను. గొంతులోంచి ఒక్క మాటే వచ్చింది. "ఎక్కడికెళ్లావక్కా?"

"ఎక్కడికీ లేదురా. ఊరికే."

"ఊరికేనా?"

"ఆఁ, ఊరికే." గ్లాసు బల్ల మీద పెట్టి, ఏదో సిగ్గుపడుతున్నట్టు నవ్వింది. "ఎవరినన్నా బండెక్కించుకోమంటే ఎక్కడికి, ఎందుకని అడుగుతారు కదా. అడక్కపోయినా మనమే చెప్పుకోవాల. పనుంటేనే అడగాల. ఊరికే తిప్పుకురండి అని ఎవర్ని అడగను? నా జన్మలో ఊరికే ఎక్కడికీ పోలేదురా నేను."

నేను ఆ బల్ల మీదే తన పక్కన కూర్చున్నాను. ఇన్నేళ్లుగా తనను వెనకెక్కించుకున్నప్పుడల్లా నేనూ అడిగాను, ఎక్కడికక్కా, ఎంతసేపు పడుతుందక్కా అని. ఎప్పుడూ ఏదో ఒక పని చెప్పేది. ఒక్కసారి కూడా పని లేదని చెప్పలేదు.

టీ తాగడం అయ్యాక, "ఇంటికి పోదామా" అన్నాను.

అక్క లేచి, చెంగు నడుముకు దోపుకుని, సైకిల్ రోడ్డు మీదికి నడిపించుకుంది. "నువ్వు పోరా. నేను ఇంకాస్త దూరం పోయొస్తా" అంది.

ఎక్కడికని నేను అడగలేదు.